వేడెక్కితే ఆగిపోయే బండి

సరిహద్దు అవతల చంద్రాపూర్ జిల్లాకు వెళ్లొచ్చానంటే మా స్టాఫ్ రూంలో అందరూ ఒకటే అడిగారు, పులిని చూశావా అని. చూడలేదు. ఉన్న నాలుగు రోజులూ భయపడుతూనే గడిపాను గానీ పులి మాత్రం కనబడలేదు. అసలు నేను బయల్దేరేటప్పుడు పులి సంగతే గుర్తులేదు. నా భయమంతా మా సరోజక్క గురించి, రాజేశం బావ షెడ్డులో పదకొండేళ్లుగా పడి ఉన్న మోటార్ సైకిల్ గురించి.

ఆ దసరాకు జిల్లాలు విడగొట్టారు. పొద్దున ఆదిలాబాద్ జిల్లా సైన్సు మాస్టారుగా నిద్ర లేచినవాణ్ని, సాయంత్రానికి మంచిర్యాల జిల్లా మాస్టారునయ్యాను. ఆఫీసుల బోర్డులు ఇంకా మారుతూనే ఉన్నాయి. పండుగైన వారానికి చంద్రాపూర్ జిల్లాలోని బామ్ని నుంచి బావ ఫోన్ చేశాడు.

“సంపతూ, షెడ్డు పీకేస్తున్నం. ఆడ ఒక అర్ర కట్టాలె. బండిని పాత సామానోనికి ఇయ్యబుద్ధి అయితలేదు. నువ్వొచ్చి తీస్కపోతవా?”

పదకొండేళ్లలో ఆ ఇంటి నుంచి నన్ను ఏదైనా అడగడం అదే మొదటిసారి. వస్తానన్నాను. ఆ బండిని చివరిసారి నడిపింది నేనే.

ప్యాసింజర్ రైల్లో

మంచిర్యాల నుంచి బల్లార్షా దాకా ప్యాసింజర్లో వెళ్లాలనుకునేవాళ్లు కిటికీ పక్కన కూర్చోండి. కాగజ్‌నగర్ దాటితే అడవి రైలుకు ఆనుకుని వస్తుంది. నా ఎదుటి సీట్లో రెండు రాష్ట్రాల సరిహద్దులోని జివతి వైపు నుంచి వచ్చిన ఒక రైతు కూర్చున్నాడు. తెల్ల టోపీ, మెడలో తువ్వాల. మా పక్కవాళ్లు కొత్త జిల్లాల గురించి వాదించుకుంటుంటే నవ్వుతూ విన్నాడు.

“మీకు జిల్లాలే మారినయ్. మా ఊరికి ఇద్దరు సర్కార్లు,” అన్నాడు. “ఇటు రేషన్ కార్డు ఉన్నది, అటు రేషన్ కార్డు ఉన్నది. ఓటు గూడ రెండు దిక్కుల. పిలగాండ్లు బడిల మరాఠీ చదువుతరు, ఇంట్ల తెలుగు మాట్లాడుతరు.”

“మరి మీది ఏ రాష్ట్రం అనుకుంటారు?”

“రోగమొస్తే ఏ దవఖాన దగ్గరుంటే గదే మా రాష్ట్రం.”

ఆయన దవఖాన అనగానే నాకు బల్లార్షా స్టేషనున్న బల్లార్‌పూర్ ఊళ్లోని ఆసుపత్రి వరండా కళ్లముందుకొచ్చింది. ఇక ఆ సంగతి చెప్పకుండా ఈ ప్రయాణం ముందుకు సాగదు.

పదకొండేళ్ల కింద, గణపతి నవరాత్రుల్లో నేను అక్కవాళ్లింట్లో ఉన్నాను. బావ బొగ్గు బాయిలో పనిచేసేవాడు. ఆ పొద్దున నైట్ షిఫ్ట్ దిగి వచ్చాడు. గడ్‌చాందూర్‌లో స్నేహితుడింట్లో గణపతి భోజనం ఉందన్నాడు. నిద్ర కళ్లతో నడపలేనని బండి నాకిచ్చి వెనక కూర్చున్నాడు. రాజురా దాటి చాలా దూరం వెళ్లాక ఒక సిమెంటు లారీని దాటబోయాను. ఎదురుగా ఇంకో లారీ వస్తోంది, కానీ దూరంగా ఉంది. సగం దాటాక బండి ఊపు చచ్చిపోయింది. ఎదుటి లారీ మీదికొచ్చేస్తోంది. కుడివైపు మట్టిలోకి దించేశాను. కల్వర్టు రాయికి బావ మోకాలు బలంగా తగిలింది. నాకు చేతుల మీద గీరుకుపోయింది, అంతే.

ఆసుపత్రి వరండాలో, స్ట్రెచర్ మీద బావ అటు తిరిగి పడుకుని ఉండగా, అక్క ఒకటే అడిగింది. “భయపడి ఎక్సలేటర్ వదిలిపెట్టినవా?”

నాకు తెలియలేదు. భయపడిన మాట నిజం. “అయ్యుంటదక్కా,” అన్నాను.

బావ మళ్లీ బాయిలోకి దిగలేదు. లాంప్ రూంలో కూర్చుని, కిందికి వెళ్లేవాళ్లకు దీపాలిచ్చే పని చేసి రిటైరయ్యాడు. అక్క నన్ను తిట్టలేదు, కొట్లాడలేదు. మా ఇంటికి రావడం మానేసింది, అంతే. నా కూతురి చెవులు కుట్టించిన రోజు కూడా రాలేదు. నేను ఆ తర్వాత గేర్ల బండి ముట్టుకోలేదు. స్కూలుకు బస్సులోనే వెళ్తాను.

బామ్ని

బల్లార్షా స్టేషన్లో దిగగానే పేపర్ మిల్లు వాసన ముక్కుకు తగులుతుంది. ఉడికిన గడ్డి వాసన లాంటిది. రెండు గంటలుంటే అలవాటైపోతుంది. బామ్నికి షేరింగ్ ఆటోలో పదిహేను రూపాయలు. ఆటోవాడు దారి పొడుగునా ప్లాస్టిక్ కాగితంలో ఖర్రా నలుపుతూనే ఉన్నాడు. వక్క, పొగాకు, సున్నం కలిపి పిసికి బుగ్గన పెట్టుకుంటారు. జిల్లాలో మందు బంద్ కాబట్టి ఇక్కడ ఖర్రాకు గిరాకీ ఎక్కువన్నాడు.

అక్క గేటు దగ్గరే నిలబడి ఉంది. జుట్టు సగం తెల్లబడింది.

“ఒచ్చినవా తమ్మీ. కాళ్లు కడుక్కో,” అంది. అంతే. తిట్టి ఉంటే బాగుండేది.

రాత్రి జొన్న రొట్టె, జుణకా పెట్టింది. జుణకా అంటే శనగపిండిని ఉల్లిగడ్డ, మిరపకారంతో పొడిపొడిగా ఉడికించిన కూర. మన దగ్గర పప్పు లేకుండా ముద్ద దిగదు, అక్కడ ఇది లేకుండా రొట్టె దిగదు. బావ కుడికాలు చాపుకుని కూర్చుని తింటున్నాడు. ఆ కాలివైపు చూడకూడదని ఎంత అనుకున్నా నా చూపు అక్కడికే పోయింది.

“పొద్దుగాల చూద్దాం బండిని. చచ్చిపోయిందో, నిద్రపోతున్నదో,” అన్నాడు బావ.

అక్క రొట్టె గిన్నె ఠక్కున కింద పెట్టి లోపలికెళ్లింది.

రేకుల షెడ్డులో

బండి మీది గోనెపట్ట తీస్తే ఎలుకల కంపు. పాత టూ స్ట్రోక్ బండి. ట్యాంకు మీద ఎర్ర రంగు ఇంకా ఉంది. కుడి ఫుట్‌రెస్టు ఆ రోజు వంగినట్టే వంగి ఉంది.

పాత బండిని లేపాలనుకునేవాళ్ల కోసం మేం చేసిన వరస చెబుతాను. ట్యాంకులో మిగిలిన పెట్రోలు వార్నిష్ లాగా కంపు కొట్టింది. అంతా వంచేసి, కడిగి, ఆయిల్ కలిపిన కొత్త పెట్రోలు పోశాం. బావ బోర్లించిన బకెట్ మీద కూర్చుని చెబుతుంటే నేను చేతులతో చేశాను. ఆ కాలితో ఆయన కిక్ కొట్టలేడు. నేను పదో తరగతికి విద్యుత్ పాఠం చెబుతాను గానీ ఒక్క బండి కూడా విప్పినవాణ్ని కాదు. ఇద్దరం కలిస్తే ఒక మెకానిక్‌కు సరిపోయాం.

కిక్ కొట్టీ కొట్టీ నా చొక్కా తడిసింది. ఇంజన్‌లో ఉలుకూ పలుకూ లేదు.

“ప్లగ్గు ఇప్పి, వైరుకు తగిలించి, ఇంజన్ మీద ఆనిచ్చి పెట్టు. కిక్ కొట్టు. నిప్పు రవ్వ వస్తదా సూడు,” అన్నాడు బావ.

నీడలోకి వంగి చూశాను. రవ్వ లేదు. ప్లగ్గు మార్చినా లేదు. తాళం చెవి దగ్గర తుప్పు ఉందేమోనని ఆ వైరు ఊడదీసి చూసినా లేదు. ఎడమవైపు మూత తీయించాడు. లోపల చక్రానికున్న కిటికీలోంచి పాయింట్లు కనబడ్డాయి. అవి రెండు చిన్న లోహపు ముక్కలు. ఇంజన్ తిరిగే కొద్దీ కలుస్తూ విడిపోతూ ఉంటాయి. విడిపోయిన క్షణంలోనే ప్లగ్గుకు రవ్వ పుడుతుంది. పదకొండేళ్ల చెమ్మకు వాటి మీద తెల్లటి బూజులాంటి పొర పేరుకుంది. కరెంటు దాన్ని దాటి పోలేదు. సన్న గరుకు కాగితంతో మెల్లగా గీకి, పెట్రోలు గుడ్డతో తుడిచి, శుభ్రమైన అట్టముక్క వాటి మధ్య పెట్టి లాగాను.

మళ్లీ కిక్ కొడితే టిక్‌మని నీలం రవ్వ వచ్చింది. బావా నేనూ ఒకేసారి నవ్వాం. ప్లగ్గు బిగించి నాలుగోసారి కొట్టేసరికి ఇంజన్ దగ్గి, పొగ కక్కి, లేచింది.

అక్క వంటింటి తలుపు దగ్గరికొచ్చింది. ఆ చప్పుడు విని ఆమె మొహం ఎలా పాలిపోయిందో నేను చూశాను.

రాజురా దాటాక అడవిలో

ఇంటిదాకా నూటపది కిలోమీటర్లు దాని మీదే వెళ్లాలంటే ముందు పరీక్షించాలి. భోజనం చేశాక ఒంటరిగా బయల్దేరాను. నిజం చెప్పాలంటే గేటు దాటేలోపే రెండుసార్లు ఆపేద్దామనుకున్నాను. వార్ధా నది వంతెన మీద వేగం పదికి మించలేదు. సైకిలు మీద పోతున్న ముసలాయన నన్ను దాటిపోయాడు.

రాజురా దాటాక వాంకిడి దారిలో పత్తి చేలు అయిపోయి టేకు అడవి మొదలైంది. సాయంత్రం నాలుగున్నర. ఇంజన్ బాగా వేడెక్కి ఉంది. నలభై మీద వెళ్తున్నాను. ఉన్నట్టుండి ఊపు చచ్చిపోయింది.

చప్పుడు తగ్గడం, వెనక్కి లాగినట్టుండడం, కాళ్ల కింది వణుకు ఆగిపోవడం, అన్నీ ఆ రోజు జరిగినట్టే. నా కుడిచేతి వైపు చూసుకున్నాను. ఎక్సలేటర్ తిప్పి పట్టుకునే ఉన్నాను. వదల్లేదు. బండి దానంతటదే ఆగింది.

రోడ్డు పక్కన బండి నిలబెట్టి అలాగే కూర్చుండిపోయాను. ఆ రోజు కూడా నేను వదల్లేదా? ప్లగ్గు విప్పి చూస్తే రవ్వ లేదు. అంటే పెట్రోలు కాదు, కరెంటే పోతోంది.

అప్పుడు చప్పట్లు వినిపించాయి. పత్తి ఏరి వస్తున్న ఐదుగురు ఆడవాళ్లు గుంపుగా, గట్టిగా మాట్లాడుకుంటూ, మధ్యమధ్యలో చప్పట్లు కొడుతూ వస్తున్నారు. ముందు నడుస్తున్న పెద్దామె నన్ను చూసి మరాఠీలో అరిచింది. నేను తెలుగులో బదులిచ్చేసరికి భాష మార్చింది.

“ఈ జాగల కూసున్నవేంది దాదా? లే!”

“బండి ఆగిందమ్మా.”

“బండి ఆగితే ఆగనీ, నువ్వు ఆగకు. మొన్న మంగళారం గీ మూలమీదనే ఆవును పట్టింది.”

“పులా?”

“పేరు తియ్యకు! ఈ జాగల పేరు తియ్యద్దు.” ఆమె నిజంగానే నా నోటికి అడ్డంగా చెయ్యి పెట్టింది. “మా నడుమ నడువు. బండిని నూకు. నోరు మూసుకోకు, ఏదో ఒకటి మాట్లాడు.”

ఆమె పేరు భీమాబాయి. తాతల కాలం నుంచి రాజురా పక్క పల్లెలో సేద్యం చేసే ఇల్లు. ఐదుగురి మధ్యలో బండి తోసుకుంటూ నడిచాను. ఏం మాట్లాడాలో తెలియక నా స్కూలు గురించి చెప్పాను. పొదలో ఏదో కదిలింది. అందరం ఒక్కసారిగా ఆగాం. ఎవరి ఊపిరీ వినబడలేదు. ఒక నెమలి గునగునా నడిచి రోడ్డు దాటింది. భీమాబాయి నవ్వలేదు. ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టింది.

“మీకు రోజూ ఇంతేనా?” అన్నాను.

“రోజూ గింతే. భయమైతదని పత్తి చెట్టు మీదనే ఇడిసిపెడ్తమా?”

అరగంట నడిచాక చేలు మొదలయ్యాయి. “ఇప్పుడు కొట్టిచూడు,” అందామె. మొదటి కిక్కుకే బండి లేచింది. చల్లబడితే పనిచేస్తోంది, వేడెక్కితే చస్తోంది. ఆమెకు దండం పెడితే, వద్దని చెయ్యి ఊపి పల్లెదారి పట్టింది.

ఇంటికొచ్చి బావకు మాత్రమే చెప్పాను. “ఆ రోజూ ఇట్లనే అయింది బావా. నేను చెయ్యి వదల్లే. బండే ఆగింది.”

బావ నేలవైపు చూస్తూ, “పదకొండేండ్ల కింది ముచ్చట ఎవనికెరుక? అప్పుడు బండి మంచిగనే ఉండె. ఇది పెట్టి పెట్టి వచ్చిన రోగం,” అన్నాడు.

నమ్మాను. పూర్తిగా కాదు, కానీ నమ్మాను.

తడి గుడ్డ

మూడో రోజు పొద్దున పాయింట్ల పక్కనుండి రవ్వకు తోడ్పడే చిన్న డబ్బా, కండెన్సర్, బల్లార్‌పూర్‌లో దొరికితే మార్చాను. బండిని నిలబెట్టే ఇంజన్ నడిపించాను. అరగంటకు మళ్లీ ఆగింది. ఇక మిగిలింది కాయిల్. చిన్న కరెంటును పెద్ద కరెంటుగా మార్చి ప్లగ్గుకు పంపేది అదే. ట్యాంకు కింద ఉంటుంది. లోపలి సన్న తీగల మీది పూత దెబ్బతింటే చల్లగా ఉన్నప్పుడు బాగానే ఉండి, వేడెక్కగానే పనిచేయడం మానేస్తుంది. అది నిజమో కాదో తేల్చుకోవడానికి కుండలోని చల్లటి నీళ్లలో గుడ్డ ముంచి, పిండి, కాయిల్‌కు ఒక్కదానికే చుట్టి పట్టుకున్నాను. మిగతా ఇంజనంతా ఇంకా కాలిపోతోంది. ఐదు నిమిషాలాగి కిక్ కొడితే లేచింది.

“కాయిలే బావా. అనుమానమే లేదు. చంద్రాపూర్ పోయి తెస్తా.”

“చంద్రాపూర్ ఎందుకు? రాజురాల దొరుకుతది,” అన్నాడు గబుక్కున.

రాజురాకు ఫోన్ చేసి అడిగితే లేదన్నారు. నేను చొక్కా వేసుకుంటుంటే బావ గేటు దాకా కుంటుతూ వచ్చాడు. “దొరకకపోతే ఇడిసెయ్యి సంపతూ. పాత సామానోనికే ఇద్దాం,” అన్నాడు. ఆయన మొహంలో ఉన్నదేమిటో నాకు అప్పుడు అర్థం కాలేదు.

జట్‌పురా గేటు లోపల

చంద్రాపూర్ బస్సు ఇరవై రూపాయలు. ఊరు దగ్గరపడుతుంటే దూరంగా కరెంటు ప్లాంటు చిమ్నీలు కనబడతాయి. కిటికీ చువ్వ పట్టుకుంటే చేతికి నల్లటి దుమ్ము అంటుతుంది. పాత కోట గోడ ఇప్పటికీ ఊరి చుట్టూ ఉంది. బస్సులు, లారీలు, ఎద్దుల బండ్లు అన్నీ ఆ దర్వాజాల్లోంచే దూరతాయి. జట్‌పురా గేటు దగ్గర ఆకలేసి, బోర్డు మీద సాంబార్ వడి అని చూసి తీసుకున్నాను. సాంబారు పోస్తాడని చాలాసేపు చూశాను. అక్కడ సాంబార్ అంటే కొత్తిమీరట. కొత్తిమీర కూరి వేయించిన చుట్ట అది. నా ఎదురుచూపు చూసి కొట్టువాడు కడుపుబ్బ నవ్వాడు. నాలుగు రోజుల్లో నేను నిర్భయంగా గడిపిన పది నిమిషాలు అవే.

మూడు దుకాణాల్లో లేదన్నారు. నాలుగోది సందు చివర చీకటి గది. గల్లా దగ్గర అరవై దగ్గరి వయసున్న ఆమె కూర్చుని ఉంది. నా హిందీ వినగానే తెలుగులో అడిగింది.

“మీది ఏ ఊరు సార్?”

ఆమె పేరు విమలాబాయి. పుట్టింది కోర్పనా దగ్గర తెలుగు రైతు ఇంట్లో. తెలుగు మాట్లాడుతుంది, చదవడం రాదు. ఫోన్లో కాయిల్ ఫోటో చూపించాను.

“ఈ సామాను బందై ఎన్నేండ్లాయె,” అంది. అని పై అర వైపు చూసింది. “ఆగు. ఒకటి ఉన్నట్టున్నది. ఎవరో చెప్పి తెప్పించిన్రు. మల్ల రాలే.”

స్టూలెక్కి పై అర నుంచి అట్టపెట్టె దించింది. దుమ్ము ఊదితే, మీద పెన్నుతో మరాఠీ అక్షరాలు. హిందీ లిపే కాబట్టి చదవగలిగాను. రాజేశం, బామణీ.

గల్లా అంచు పట్టుకున్నాను.

“ఈయన... ఎప్పుడొచ్చిండమ్మా?”

“మా ఆయన పోయిన ఏడు. దుకాణంల నేను కూసున్న మొదటి ఏడు. ఎవలను అడగకుంట నేను నాగ్‌పూర్ నుంచి తెప్పించిన మొదటి సామాను గిదే, అందుకే యాదికున్నది. పోళా పండుగ ముందల వచ్చిండు. బండి వేడైతే బందైతున్నది, లారీలను దాటుతుంటే పానం పోతున్నది అన్నడు. గణపతి నిమజ్జనం కాంగనే వస్త అన్నడు.” ఆమె లెక్కపెట్టుకుంది. “పదకొండేండ్లు. నీకు ఎరికేనా?”

“మా బావ,” అన్నాను.

“మంచిగున్నడా?”

“ఉన్నడు.” డబ్బు తీసి గల్లా మీద పెట్టాను. అప్పటి ధరే తీసుకుంది.

తిరుగు బస్సులో ఆ పెట్టెను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. పోళా అంటే ఎద్దుల పండుగ, గణపతికి నాలుగు రోజుల ముందొస్తుంది. అంటే బావకు తెలుసు. తెలిసే నన్ను ముందు కూర్చోబెట్టాడు. తెలిసే ఆసుపత్రిలో అటు తిరిగి పడుకున్నాడు. కోపం వచ్చింది. దానికంటే ఎక్కువ భయమేసింది. ఇంతకాలం నా తప్పు నా ఒక్కడి మీదే ఉంది. ఇప్పుడు ఈ పెట్టె ఆ ఇంట్లో పెడితే అక్కాబావల మధ్య ఏం మిగులుతుంది? బల్లార్‌పూర్ బస్టాండులో దిగి, చెత్తకుండీ దగ్గర చాలాసేపు నిలబడ్డాను. పేరున్న అట్టను చింపి పారేస్తే చాలు, ఎవరికీ తెలియదు. చింపలేకపోయాను.

పెట్టె

బావ షెడ్డులోనే బకెట్ మీద కూర్చుని ఉన్నాడు. పెట్టె ఆయన ముందు నేల మీద పెట్టాను. పేరు చదువుకున్నాడు.

“ఇంకా ఉంచిందా ఆమె,” అన్నాడు.

“ఎందుకు చెప్పలే బావా?”

“ఏమని చెప్పాలె? లారీలను దాటంగ బండి ఆగుతున్నదని మీ అక్కకు ఎరుకైంది. బాగు చేపిచ్చేదాక ముట్టద్దన్నది. చేపిచ్చిన అని అబద్ధం చెప్పిన. ఆ పొద్దు నాకు కండ్లు మూతలు పడుతున్నయ్. చల్లటి పొద్దు, వేడెక్కదిలే అనుకోని నీకిచ్చిన.” “దవఖానల ఆమె నిన్ను అడిగినప్పుడు నాకు సోయి ఉన్నది. ఇన్న. నువ్వు అయ్యుంటది అన్నవ్. నోరు తెరుద్దామనుకున్న. రేపు చెప్త, ఎల్లుండి చెప్త అనుకుంట గిన్నేండ్లాయె. బాయిల పైకప్పు చప్పుడైతే గూడ నేను గంత భయపడలే సంపతూ, మీ అక్క ముందట భయపడ్డంత.”

“నాకు పదకొండేండ్లు ఆమె మొహం చూడాలంటే భయం,” అన్నాను. నాకు తెలియకుండానే అరిచాను.

బావ తల వంచుకున్నాడు. “చెప్తవా ఆమెకు?”

“నేను చెప్ప. నువ్వు చెప్పు. చెప్పకపోతే నేను ఇట్లనే పోత, బండి గూడ తీస్కపోను, మల్ల రాను.”

ఆయన గోడ పట్టుకుని లేచాడు. వాకిలి దాటి వంటింట్లోకి వెళ్లడానికి ఆయనకు పట్టిన సమయమంత పొడుగ్గా నాకెప్పుడూ ఏదీ అనిపించలేదు. లోపల గిన్నెల చప్పుడు ఆగిపోయింది. అరుపులు వస్తాయని ఎదురుచూశాను. రాలేదు. బావ గొంతు తగ్గుస్వరంలో వినబడుతూ వినబడుతూ ఆగింది.

అక్క బయటికి వచ్చింది. వచ్చి నా పక్కన నేల మీదే కూర్చుంది. చేతికి పిండి అంటుకుని ఉంది.

“నువ్వు చెయ్యి ఇడిసిపెట్టలేదా?”

“లేదక్కా.”

“మరి అయ్యుంటది అన్నవేంది?”

“నువ్వడిగినవ్. నా మీద నాకే నమ్మకం లేకుండె.”

ఆమె నా కుడిచెయ్యి తీసి తన ఒళ్లో పెట్టుకుంది. ఆ గ్రీజు మరకల మీద వేలితో రుద్దింది. ఆ తర్వాత ఏడ్చింది. ఆ రోజు రొట్టెలు ఆమె చేయలేదు, మేమూ అడగలేదు.

వాంకిడి దారి

నాలుగో రోజు తెల్లవారగానే కొత్త కాయిల్ బిగించాను. పెట్టెలో పడి ఉన్నది పనిచేస్తుందో లేదోనని ఇంకో భయం. గడ్‌చాందూర్ దారిలో నలభై కిలోమీటర్లు తిప్పి తెచ్చాను, ఎక్కడా ఆగలేదు. ఆ కల్వర్టు దగ్గర మాత్రం నేనే ఒక నిమిషం ఆగాను. అక్కడ కొత్త సిమెంటు దిమ్మె కట్టారు. పాత రాయి లేదు.

నేను బయల్దేరుతుంటే అక్క సంచితో వచ్చింది. “రాజురా దాక వస్త. సంతల పనున్నది.”

“ఈ బండి మీదనా?”

“ఇంకేమున్నది నీ దగ్గర?”

బావ గేటు పట్టుకుని నిలబడ్డాడు. ఆయనతో ఆమె ఏమీ అనలేదు. నేను చెయ్యెత్తితే ఆయనా ఎత్తాడు. నాకు ఆయన మీద కోపం తగ్గలేదు. ఇది రాస్తున్నప్పటికి కూడా పూర్తిగా తగ్గలేదు. కానీ ఆ గేటు దగ్గర ఆయన ఎంత చిన్నగా కనబడ్డాడో మరిచిపోలేను.

వంతెన మీద అక్క వేళ్లు నా భుజంలో గుచ్చుకున్నాయి. లారీ ఎదురొచ్చిన ప్రతిసారీ ఆమె ఊపిరి బిగపట్టడం నా వీపుకు తెలుస్తోంది. నేనూ అలాగే బిగపట్టుకున్నాను. రాజురా బస్టాండు దగ్గర బండి నెమ్మదించాను.

“ఎందుకు ఆపుతున్నవ్?” అంది.

“సంత...”

“సంత లేదు ఏం లేదు. మంచిర్యాల నడువు.”

“బావ?”

“వండుకోని తిననీ. ఒక్కడే కూసోని ఆలోచన చేసుకోనీ.”

“ఎన్నొద్దులుంటవక్కా?”

“ముందుగల్ల దారి చూడు.”

అడవి మొదలైంది. ఇంజన్ వేడెక్కింది. నా చెవులు దాని చప్పుడు మీదే ఉన్నాయి. ప్రతి మలుపు దగ్గరా ఇప్పుడు ఆగుతుంది, ఇప్పుడు ఆగుతుంది అనుకున్నాను. లక్కడ్‌కోట్ చెక్‌పోస్టు దగ్గర పోలీసు సంచులు వెతికాడు. మందు కోసం కాబోలు. నా లైసెన్సు మీద ఆదిలాబాద్ జిల్లా అని చూసి, ఆ జిల్లా ఇప్పుడెక్కడుంది అని మరాఠీలో అడిగి నవ్వాడు. నేను స్కూలు మాస్టర్నని చెబితే, వెళ్లండి మాస్టర్ అని వదిలేశాడు. వాంకిడి, ఆసిఫాబాద్, రెబ్బెన. ఒకచోట ఆపి టీ తాగాం. ఇద్దరిలో ఎవరమూ బండిని పొగడలేదు, అలా పొగిడితే ఆగిపోతుందని.

మధ్యాహ్నం రెండు దాటాక మా వీధిలోకి వచ్చాం. నా భార్య తలుపు తీసి, బండినీ దాని మీదున్న మనిషినీ చూసి అలాగే నిలబడిపోయింది. అక్క మెల్లగా దిగింది. కొంగుతో మొహం మీది దుమ్ము తుడుచుకుని, పదకొండేళ్ల తర్వాత మా గడప ముందు నిలబడి అంది.

“నీళ్లియ్యి పిల్లా. భయంతోని నోరెండుకపోయింది.”